రంగు తీసేసిన మందారం

పువ్వుకు బాగా దగ్గరగా వెళ్లి నలుపు తెలుపులో ఫొటో తీసేవాళ్లకు ఎదురయ్యే మొదటి చిక్కు నాయిస్. అది ఎక్కడ పుడుతుందో తెలిస్తే దానికి భయపడనక్కర్లేదు.

ఎర్ర మందారాన్ని నలుపు తెలుపులో తీస్తే ముందు పోయేది ఎరుపే. అది పోయాక మిగతావన్నీ ఒక్కొక్కటిగా పైకొస్తాయి. రేక అంచున సన్నటి కుచ్చిళ్లు, మొదలు నుంచి కొసదాకా పాకిన ఈనెలు, పువ్వు నడుమ నుంచి బయటికి పొడుచుకొచ్చిన కాడ, దాని చుట్టూ వెంట్రుకంత సన్నటి పోగుల చివర పుప్పొడి తిత్తులు, కాడ కొసన అయిదు బుల్లి ముఖమల్ గుండ్లు. రోజూ పొద్దున పూజకు కోసే పువ్వే. ఎరుపు కళ్ల నిండా ఉన్నంతసేపూ ఇవేవీ మన చూపుకు ఆనవు. రంగు తీసేయడమంటే పువ్వు అందాన్ని తగ్గించడమే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నా దృష్టిలో అది పువ్వు ఆకారానికి దక్కాల్సిన మర్యాద.

ఆ మర్యాదకు ఖరీదు కూడా ఉంది. రంగుల ఫొటోలో కంటికి ఆనని లోపాలు నలుపు తెలుపులో బయటపడతాయి. పువ్వుకు మరీ దగ్గరగా వెళ్లి తీసే మాక్రో ఫొటోల్లో అయితే మరీనూ. కంప్యూటర్‌లో ఫైల్ తెరిచి పెద్దది చేసి చూస్తే, రేక వెనకాల నల్లగా, నున్నగా ఉండాల్సిన చోటంతా చుక్కచుక్కగా, రవ్వరవ్వగా ఉంటుంది. దాన్నే నాయిస్ అంటాం. కొత్తగా మాక్రో మొదలుపెట్టినవాళ్లను అన్నిటికంటే ఎక్కువగా కుంగదీసేది ఇదే. లెన్స్ బాగాలేదనుకుంటారు. కెమెరా మార్చాలనుకుంటారు. లేదంటే సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తగ్గించే స్లైడర్‌ను చివరిదాకా జరిపేస్తారు. ఇవేవీ అక్కర్లేదు. నాయిస్‌ను వెలుతురు దగ్గరే, షట్టర్ నొక్కకముందే పట్టుకోవాలి. తీశాక తుడవడం మొదలుపెడితే దాంతోపాటు పువ్వు కూడా తుడుచుకుపోతుంది.

ఒక మాస్టారు, ఒక తల్లి

పూలను ఇలా చూడటం లోకానికి నేర్పినవాళ్లలో ఇద్దరి గురించి ముందు చెప్పుకోవాలి. కార్ల్ బ్లాస్‌ఫెల్ట్ (1865-1932) బెర్లిన్‌లో చేతి కళల పాఠశాల మాస్టారు. కుర్రతనంలో ఇనుప పోత పని నేర్చుకున్న మనిషి. ఫొటోగ్రఫీలో శిక్షణ పొందినవారు కాదు. మొక్కల్లో ఉండే ఆకారాలను విద్యార్థులకు చూపించడానికి, సొంతంగా తయారుచేసుకున్న కెమెరాతో మొగ్గలు, తీగ కొసలు, ఎండిన కాయలు, చుట్టుకున్న ఫెర్న్ చిగుళ్లు తీశారు. కొన్నిటిని 30 రెట్ల దాకా పెద్దవి చేశారు. వెనకాల తెల్లటిదో బూడిద రంగుదో ఒక అట్ట, పక్క నుంచి పగటి వెలుతురు, నిమిషాల తరబడి ఎక్స్‌పోజర్. ఆయన సరంజామా అంతే. దాదాపు మూడు దశాబ్దాలు అదే పని చేశారు. ఆ ఫొటోలు 'ఊర్‌ఫార్మెన్ డెర్ కున్‌స్ట్' పేరుతో 1928లో పుస్తకంగా వచ్చేనాటికి ఆయనకు అరవై దాటాయి. 120 ఫొటోల ఆ పుస్తకంతో పేరు మోగిపోయింది. మనిషి ఇనుములో పోసిన నగిషీలన్నీ మొక్కల్లో ముందే ఉన్నాయని ఆయన నమ్మకం. ఆ పుస్తకం తిరగేసినవాళ్లెవరూ ఆ మాట కాదనలేరు.

రెండో మనిషి ఇమోజెన్ కన్నింగ్‌హామ్ (1883-1976). అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం చదివి 1907లో పట్టా తీసుకున్నారు. ఫీజు డబ్బుల కోసం అక్కడి వృక్షశాస్త్ర విభాగానికి మొక్కల ఫొటోలు తీసిపెట్టేవారు. తర్వాత జర్మనీలోని డ్రెస్‌డెన్ వెళ్లి ఫొటోగ్రఫీ రసాయనాల మీద మరింత చదువుకున్నారు. పెళ్లయింది. ముగ్గురు మగపిల్లలు, అందులో ఇద్దరు కవలలు. పిల్లల్ని వదిలి బయట తిరిగే వీలు లేక, కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో ఇంటి పెరట్లో పూసినవాటి వైపు కెమెరా తిప్పారు. 1925 నాటి 'మాగ్నోలియా బ్లాసమ్' అలా పుట్టింది. ఫ్రేము నిండా ఒకే పువ్వు. విచ్చుకున్న తెల్లటి రేకల నడుమ కేసరాలు, అండకోశాలు గుత్తిగా నిలబడి ఉంటాయి. రేకల మీద తెలుపు నుంచి లేత బూడిదలోకి, అక్కడి నుంచి నీడలోకి వెలుతురు జారే తీరు చూడాలి. బ్లాస్‌ఫెల్ట్ ఫొటోలు మొక్క కట్టడాన్ని విప్పి చెబుతాయి. కన్నింగ్‌హామ్ ఫొటోలో పువ్వు ప్రాణంతో ఉంటుంది. ఇద్దరిలో ఒకరినే ఎంచుకోమంటే నేను ఆవిడ వైపే ఉంటాను. 1929లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో జరిగిన 'ఫిల్మ్ ఉండ్ ఫోటో' అనే పెద్ద ప్రదర్శనలో ఆవిడ ఫొటోలు పెట్టారు. 1932లో ఆన్సెల్ ఆడమ్స్, ఎడ్వర్డ్ వెస్టన్‌లతో కలిసి 'గ్రూప్ ఎఫ్/64' ఏర్పరిచినవారిలో ఆవిడ ఒకరు.

వాళ్లకూ నాయిస్ లాంటి బెడద ఉండేది. ఫిల్ములోని వెండి రేణువులు పెద్దది చేసినకొద్దీ కంటికి కనిపిస్తాయి. దాన్ని గ్రెయిన్ అంటారు. కాకపోతే ఆనాటి గాజు ప్లేటో, షీట్ ఫిల్మో అరచేయంత, ఒక్కోసారి ఇంకా పెద్దది ఉండేది. అంత పెద్ద నెగెటివ్ మీద బోలెడంత వెలుతురు పడుతుంది, ప్రింటు కోసం దాన్ని మరీ సాగదీయక్కర్లేదు. అందుకే గ్రెయిన్ దాదాపు కనబడదు. ఇప్పుడు మన చేతిలోని ఫోన్ సెన్సర్ గోరంతే. చిక్కంతా ఆ తేడాలోనే ఉంది.

కొరత వెలుతురుదే

వాన మొదలైనప్పుడు వాకిట్లో పరిచిన బండల్ని చూడండి. మొదటి నిమిషంలో ఒక బండ మీద పది చినుకులు పడితే పక్క బండ మీద నాలుగే పడతాయి. అదే వాన గంటసేపు కురిస్తే ఏ బండ ఎక్కువ తడిసిందో చెప్పలేం. సెన్సర్ మీద పిక్సెల్‌ల సంగతీ ఇదే. వెలుతురు ఫోటాన్లుగా వచ్చి పడుతుంది. అవి పడే తీరులో ఒక హెచ్చుతగ్గు ఎప్పుడూ ఉంటుంది. పిక్సెల్‌కు సగటున 100 ఫోటాన్లు అందితే ఆ హెచ్చుతగ్గు 10, అంటే పది శాతం. 10,000 అందితే హెచ్చుతగ్గు 100, అంటే ఒక్క శాతం. వెలుతురు వంద రెట్లు పెరిగితే ఫొటో పది రెట్లు నున్నబడుతుంది. ఎంత ఖరీదైన కెమెరా అయినా ఈ లెక్కను దాటలేదు. సిగ్నల్‌ను చదివేటప్పుడు కెమెరా ఎలక్ట్రానిక్స్ కలిపే నాయిస్ దీనికి అదనం. అది ముఖ్యంగా చీకటి భాగాల్లో బయటపడుతుంది.

సిగ్నల్‌ను ఎంత పెంచాలో కెమెరాకు చెప్పే ఐఎస్‌ఓ అంకెను పెంచితే నాయిస్ వస్తుందని అందరూ అంటారు. ఐఎస్‌ఓ అంకె చేసే తప్పేమీ లేదు. వెలుతురు చాలక ఐఎస్‌ఓ పెంచుతాం, ఆ చాలకపోవడమే ఫొటోలో చుక్కలుగా కనబడుతుంది.

మాక్రోలో వెలుతురు ఎక్కడెక్కడ పోతుందో ఒక లెక్క వేసి చూద్దాం. మబ్బు పట్టిన పొద్దున, బాల్కనీ నీడలో కుండీ మందారం. ఐఎస్‌ఓ 100, అపెర్చర్ (లెన్స్ రంధ్రం) ఎఫ్/11 పెడితే మామూలు దూరం నుంచి సెకనులో ఎనిమిదో వంతు ఎక్స్‌పోజర్ చాలనుకుందాం. ఇప్పుడు మాక్రో లెన్స్‌తో, పువ్వు అసలు సైజులోనే సెన్సర్ మీద పడేంత దగ్గరికి, అంటే 1:1కి వెళ్లాం. లెన్స్ మీద ఎఫ్/11 అనే ఉంటుంది, సెన్సర్‌కు చేరేది మాత్రం సుమారుగా ఎఫ్/22 అంత వెలుతురే. నాలుగో వంతుకు పడిపోయింది. ఎక్స్‌పోజర్ అర సెకనుకు చేరింది. అర సెకను పాటు కదలకుండా ఉండే పువ్వు బాల్కనీలో దొరకదు. గాలికి ఊగే రేకను నిలబెట్టాలంటే 1/250 సెకనైనా కావాలి. దానికోసం ఐఎస్‌ఓను 12,800కు ఎక్కించాలి. అంటే సెన్సర్‌కు దక్కేది అర సెకనులో దక్కాల్సిన దానిలో 128వ వంతుకు అటూ ఇటుగా. చిత్రంతో పోల్చి చూస్తే నాయిస్ దాదాపు 11 రెట్లు పెరిగినట్టు.

అపెర్చర్ తెరిచేస్తే సరిపోదా అంటారు. ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో 1:1 దగ్గర ఎఫ్/8 పెడితే స్పష్టంగా ఉండే మందం ఒక మిల్లీమీటరు. ఎఫ్/2.8కి తెరిస్తే అందులో మూడో వంతు. మందారం కాడ ఎన్నో సెంటీమీటర్లు ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. పోనీ ఎఫ్/22కి మూసేద్దామంటే డిఫ్రాక్షన్ వల్ల ఫొటో మొత్తం కాస్త మసకబారుతుంది. ఎటు వెళ్లినా వెలుతురే మూల్యం.

ఒకే పువ్వు, మూడు ఫొటోలు

నలుపు తెలుపు పూల ఫొటోలో అసలు కీలకం ఈ భాగంలో ఉంది. దీన్ని పట్టించుకోనివాళ్లే నాయిస్‌తో ఎక్కువ అవస్థ పడతారు.

కెమెరా సెన్సర్‌కు రంగు తెలియదు. ప్రతి పిక్సెల్ మీదా ఒక రంగు ఫిల్టర్ అతికించి ఉంటుంది. సగం పిక్సెల్‌ల మీద ఆకుపచ్చ, పావు వంతు మీద ఎరుపు, పావు వంతు మీద నీలం. కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్‌కు 1976లో పేటెంటు దక్కిన అమరిక ఇది. ఈనాటికీ ఎక్కువ కెమెరాల్లో నడుస్తున్నది అదే. కాబట్టి సెన్సర్ చదివినదాన్ని ఉన్నదున్నట్టు దాచే ప్రతి రా ఫైల్‌లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం చానళ్లు, అంటే మూడు వేర్వేరు నలుపు తెలుపు ఫొటోలు ముందే ఉన్నాయి. నలుపు తెలుపుగా మార్చడమంటే ఈ మూడింటినీ మనకు నచ్చిన పాళ్లలో కలపడం.

ఎర్ర మందారం ఫైల్ తెరిచి మూడు చానళ్లనూ విడివిడిగా చూడండి. ఎరుపు చానల్‌లో రేకలు దాదాపు తెల్లగా, ఆకులు నల్లగా ఉంటాయి. ఈనెలు ఉన్నాయా లేవా అన్నట్టుంటాయి. ఆకుపచ్చ చానల్‌లోకి వెళ్లగానే పువ్వు మారిపోతుంది. రేకకు ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు ఆకుపచ్చ వెలుతురును పీల్చేసుకుంటాయి కాబట్టి రేక చిక్కటి నలుపుకు దిగుతుంది. ఆ నలుపు మీద మెరుపులు, మడతలు, ఈనెల గట్లు ఒక్కసారిగా లేచి నిలబడతాయి. ఆకులు కాస్త తేటపడతాయి. పసుపు పుప్పొడి తళుక్కుమంటుంది. నీలి చానల్‌లో ఆ పుప్పొడి కూడా నల్లబడిపోతుంది. రేక దాదాపు చీకటే.

తొలినాటి ఫొటో ప్లేట్లు నీలి వెలుతురును మాత్రమే గుర్తించేవి. 1873లో జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్ కొన్ని రంగు ద్రవ్యాలు కలిపి వాటికి ఆకుపచ్చను కూడా చూడటం నేర్పాడు. ఎరుపును చూడగలిగే ప్లేట్లు మార్కెట్లోకి రావడానికి 1906 దాకా పట్టింది. అంతకుముందు ఎవరైనా ఎర్రటి పువ్వును తీస్తే అది నల్లగానే వచ్చేది. పాత ఫొటోల్లోని ఆ గంభీరమైన నల్లటి పూలు మనకు నచ్చితే, ఇప్పుడు ఆకుపచ్చ, నీలి చానళ్ల పాలు పెంచి అదే రూపం తెప్పించుకోవచ్చు.

చిక్కు సరిగ్గా అక్కడే మొదలవుతుంది. ఎర్ర మందారం నుంచి వచ్చే వెలుతురులో సింహభాగం ఎరుపు చానల్‌కే పోతుంది. మిగతా రెండూ పస్తులే. పస్తులున్న చానల్‌ను స్లైడర్‌తో పైకి లాగితే దానితోపాటు నాయిస్ కూడా అంతే పైకి వస్తుంది. దీనికి తోడు ఇంకో ప్రమాదం. కెమెరా తెర మీద కనిపించే మామూలు హిస్టోగ్రామ్ (వెలుగునీడల పాళ్లు చూపే గ్రాఫ్) అంతా బాగుందని చెబుతుంటుంది, ఈలోపు ఎరుపు చానల్ పొంగిపోయి ఉంటుంది. పొంగిన చోట రేక సున్నం కొట్టిన గోడే, ఈనెలు ఇక ఏం చేసినా తిరిగి రావు. అందుకే ఎర్ర పూలు తీసేటప్పుడు మూడు రంగుల హిస్టోగ్రామ్ పెట్టుకుని ఎరుపు గీతను గమనించాలి. ఎరుపు పొంగకుండా ఒక ఫొటో, ఆకుపచ్చకు కడుపు నిండేలా రెండు మూడు స్టాపులు (ఒక్కో స్టాపుకు వెలుతురు రెట్టింపు) ఎక్కువ ఎక్స్‌పోజర్‌తో ఇంకొకటి తీయండి. ట్రైపాడ్ కదలకపోతే రెండింటినీ తర్వాత కలుపుకోవచ్చు. నల్లటి మందారం కావాలంటే రెండో ఫొటోలోని ఆకుపచ్చ చానలే ఆధారం. అక్కడ నాయిస్ చెప్పుకోదగ్గంతగా ఉండదు.

దీపం రంగు కూడా చూసుకోవాలి. పసుపు బల్బు వెలుతురులో నీలం చాలా తక్కువ. ఆ వెలుతురులో తీసిన శంఖుపువ్వు నీలి చానల్‌ను చూస్తే అది ఎంత పస్తులుందో అర్థమవుతుంది. ఇలాంటి పనికి పగటి వెలుతురును మించింది లేదు.

మొదలుపెట్టేవాళ్లకు నా సలహా నందివర్ధనం. తెల్ల పువ్వు మూడు చానళ్లకూ సమానంగా వెలుతురు పంచుతుంది. రేక తెల్లగా ఉండటం వల్ల ఎక్స్‌పోజర్ పుష్కలంగా అందుతుంది. నాయిస్ ఉంటే గింటే వెనకాల నీడల్లోనే. జాగ్రత్త పడాల్సిందల్లా తెలుపు పొంగకుండా చూసుకోవడమే.

రంగు ఫిల్టర్లే లేని సెన్సర్‌తో నలుపు తెలుపు మాత్రమే తీసే కెమెరాలూ ఉన్నాయి. 2012లో వచ్చిన లైకా ఎం మోనోక్రోమ్, 2023లో వచ్చిన పెంటాక్స్ కె-3 మార్క్ త్రీ మోనోక్రోమ్ అలాంటివే. ఫిల్టర్ మింగేసే వెలుతురు కూడా దక్కుతుంది కాబట్టి నాయిస్ తక్కువ, స్పష్టత ఎక్కువ. అయితే తీశాక చానళ్లు కలుపుకునే వెసులుబాటు పోతుంది, లెన్స్ ముందు గాజు ఫిల్టర్ పెట్టుకుని ముందే తేల్చుకోవాలి. పూలు తీసేవారికి అంత డబ్బు పోయనక్కర్లేదని నా అభిప్రాయం. ఆ డబ్బులో చిన్న వంతుతో గట్టి ట్రైపాడ్ వస్తుంది. అది చేసే మేలు ఎక్కువ.

ఫ్యాన్ ఆపండి

నాయిస్ తగ్గించే పరికరాల్లో అన్నిటికంటే చవకైంది ఫ్యాన్ స్విచ్. పువ్వును కోసి గదిలోకి తెచ్చుకుంటే గాలి మన అదుపులో ఉంటుంది. ఫ్యాన్ ఆపాక గదిలో గాలి నిలకడ పడటానికి కొన్ని నిమిషాలు ఆగాలి. లైవ్ వ్యూలో పువ్వు అంచును పెద్దది చేసి చూస్తే ఎప్పుడు నిలిచిందో తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ అర సెకను ఎక్స్‌పోజర్, ఐఎస్‌ఓ 100 రెండూ సాధ్యమే. షట్టర్‌ను వేలితో నొక్కకుండా రెండు సెకన్ల టైమర్ పెట్టాలి.

నేరుగా ఎండ పడని కిటికీ పక్కన బల్ల వేసుకోండి. కిటికీకి పల్చటి తెల్ల పరదా ఉంటే మంచిది. పువ్వుకు రెండో పక్క థర్మాకోల్ షీట్ నిలబెడితే నీడల్లోకి వెలుతురు తిరిగి వస్తుంది. నాయిస్ కాపురముండేది నీడల్లోనే కదా, అక్కడ పడే ప్రతి కాస్త వెలుతురూ లాభమే. వెనకాల నల్లటి వెల్వెట్ గుడ్డ కట్టండి. మామూలు నల్ల గుడ్డ కెమెరా కంటికి బూడిద రంగుగా కనబడుతుంది, వెల్వెట్ నల్లగానే ఉంటుంది.

ఫ్లాష్ ఉంటే ఇంకో దారి. పువ్వుకు 15 సెంటీమీటర్ల దూరంలో ఫ్లాష్, దాని ముందు బటర్ పేపర్. వెనక గోడ ఫ్లాష్‌కు 150 సెంటీమీటర్ల దూరంలో ఉంటే దాని మీద పడేది వందో వంతు వెలుతురే. గుడ్డ కట్టకుండానే నల్లబడిపోతుంది. ఫ్లాష్ మెరిసేది సెకనులో వెయ్యో వంతు లోపే కాబట్టి చిన్న చిన్న కదలికలు కూడా పట్టుబడవు. అయినా కిటికీ వెలుతురు రేక మీద జారినట్టు ఫ్లాష్ జారదు. నేను కిటికీకే ఓటు వేస్తాను.

ఎక్స్‌పోజర్ విషయంలో పిసినారితనం వద్దు. తెలుపు పొంగనంతవరకూ ఫొటోను కాస్త ఎక్కువ వెలుగుతోనే తీసి, తర్వాత కంప్యూటర్‌లో కిందికి దించుకోవాలి. చీకటిగా తీసి పైకి లాగితే నీడల్లోని నాయిస్ అంతా వెంట వస్తుంది. ఇదంతా రా ఫైల్‌కే వర్తిస్తుంది. 14 బిట్ల రా ఫైల్‌లో నలుపు నుంచి తెలుపు దాకా 16,384 మెట్లుంటాయి. జేపెగ్‌లో 256 మాత్రమే. మల్లె రేక మీద తెలుపులో తెలుపు కలిసే చోట ఆ తేడా కళ్లకు కట్టినట్టు కనబడుతుంది.

వెలుతురు ఇంకా చాలకపోతే ఒకే ఫ్రేమును పదహారు సార్లు తీసి సగటు కట్టండి. నాయిస్ నాలుగో వంతుకు దిగుతుంది. నాలుగు తీస్తే సగానికి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. పువ్వు ముందు నుంచి వెనకదాకా స్పష్టంగా రావడానికి ఫోకస్‌ను కొద్దికొద్దిగా జరుపుతూ ఎన్నో ఫొటోలు తీసి కలిపే ఫోకస్ స్టాకింగ్ వేరు, ఇది వేరు. ఫోకస్ స్టాకింగ్‌లో ఫొటోలోని ఒక్కో భాగాన్ని, అక్కడ బాగా ఫోకస్ అయిన ఫ్రేము నుంచే తీసుకుంటారు. కాబట్టి యాభై ఫ్రేములు కలిపినా నాయిస్ తగ్గకపోవచ్చు. స్టాకింగ్ చేసేటప్పుడు ప్రతి ఫ్రేమూ తక్కువ ఐఎస్‌ఓలోనే ఉండాలి.

పువ్వు కూడా తన పని తాను చేసుకుపోతుంటుంది. సాయంత్రం మల్లె మొగ్గ ముందు కూర్చుని స్టాకింగ్ మొదలుపెడితే, చివరి ఫ్రేము తీసేసరికి రేక జరిగిపోయి ఉంటుంది. మందారం పొద్దున కోస్తే నీళ్లలో పెట్టకపోయినా సాయంత్రం దాకా విచ్చుకునే ఉంటుంది. తీరిగ్గా పని చేసుకోవడానికి దానంత అనువైంది లేదు.

మే నెలలో తీసేవాళ్లకు ఒక మాట. సెన్సర్ వేడెక్కిన కొద్దీ నాయిస్ పెరుగుతుంది. వేడి ఆరేడు డిగ్రీలు పెరిగిన ప్రతిసారీ సెన్సర్‌లో వెలుతురుతో పనిలేకుండా పుట్టే కరెంటు సుమారుగా రెట్టింపవుతుంది. గంటలకొద్దీ లైవ్ వ్యూ ఆన్‌లో ఉంచి, తర్వాత సెకన్ల కొద్దీ ఎక్స్‌పోజర్ ఇస్తే నల్లటి నేపథ్యంలో తెల్లటి చుక్కలు మెరుస్తాయి. మధ్యమధ్యలో కెమెరాను ఆపి చల్లారనివ్వండి.

తుడవాల్సినంతే తుడవాలి

ఇన్ని చేశాక కూడా కాస్త నాయిస్ మిగులుతుంది. మిగలనివ్వండి. ఎందుకో చెప్పడానికి గులాబీ రేకను చూద్దాం. దాని పైపొర నిండా మొనదేలిన చిన్న చిన్న కణాలు పేర్చి ఉంటాయి. ఒక్కోటి మిల్లీమీటరులో యాభయ్యో వంతుకు అటూ ఇటు. ముఖమల్ నిగనిగకు కారణం అవే. రేకను తలకిందులు చేసినా నీటి బొట్టు జారకుండా అంటుకుని ఉండటానికి కారణమూ అవే. 1:1లో తీస్తే ఒక్కో కణం సెన్సర్ మీద నాలుగైదు పిక్సెల్‌ల మేర పడుతుంది. నాయిస్ చుక్కల పరిమాణమూ రమారమి అంతే. ఏది రేక చర్మమో, ఏది నాయిస్సో నాయిస్ తగ్గించే సాఫ్ట్‌వేర్‌కు కచ్చితంగా తెలిసే దారి లేదు. స్లైడర్‌ను చివరిదాకా జరిపితే రెండింటినీ కలిపి నున్నగా చేసేస్తుంది. మిగిలేది ప్లాస్టిక్ పువ్వు. నాయిస్ ఉన్న గులాబీ గులాబీయే. చర్మం పోయిన గులాబీ ఎవరికీ పనికిరాదు.

కాబట్టి వరస ముఖ్యం. ఫైల్‌ను నలుపు తెలుపుగా మార్చకముందే రంగు నాయిస్‌ను తగ్గించాలి. ఎర్రగా, పచ్చగా కనిపించే ఆ మరకలు రంగు తీసేశాక ఎక్కడికీ పోవు, బూడిద రంగు మరకలుగా మారి కూర్చుంటాయి. రంగు నాయిస్‌ను ధైర్యంగా తీసేయొచ్చు, రేక చర్మానికి దాంతో పెద్దగా నష్టం లేదు. వెలుగునీడల నాయిస్ దగ్గర మాత్రం చేయి ఆపుకోవాలి. పువ్వును మాస్క్ చేసి వదిలేసి, వెనక ఉన్న మసక భాగాన్ని మాత్రమే నున్నగా చేయండి. నేపథ్యం నల్లటిదైతే అదీ అక్కర్లేదు. కర్వ్స్‌లో నలుపును కాస్త కిందికి లాగితే నాయిస్ చీకట్లో కలిసిపోతుంది. డార్క్‌టేబుల్, రా థెరపీ అనే సాఫ్ట్‌వేర్‌లు ఉచితంగా దొరుకుతాయి. ఇక్కడ చెప్పిన చానళ్ల కలయిక, నాయిస్ తగ్గింపు వాటిలోనూ చేసుకోవచ్చు.

ఏఐ వచ్చింది కదా అంటారు. అడోబీ లైట్‌రూమ్‌లో 2023 నుంచి ఏఐ డీనాయిజ్ ఉంది. అలాంటివి ఇంకా కొన్ని ఉన్నాయి. వాటి పనితనాన్ని తక్కువ చేయను. ఆకులు, కాడలు, నేపథ్యాల మీద బాగా పనిచేస్తాయి. రేక పైపొర మీద మాత్రం ఒక్కోసారి లేని పోగులు పుట్టిస్తాయి, ఉన్న కణాల్ని నున్నగా చేసేస్తాయి. వాడితే సగానికి మించకుండా వాడి, ముందూ తర్వాతా పక్కపక్కన పెట్టి చూసుకోండి. పువ్వులో లేనిది ఫొటోలో ఉండకూడదు. మాక్రో ఫొటోగ్రఫీకి నేను పెట్టుకున్న ఒకే ఒక నియమం ఇది.

నాయిస్‌తో లాభం కూడా ఉంది. నేపథ్యం నలుపు నుంచి బూడిదలోకి మెల్లగా మారుతోందనుకోండి. దాన్ని పూర్తిగా నున్నగా చేసి 256 మెట్ల జేపెగ్‌లో సేవ్ చేస్తే మెట్లు మెట్లుగా గీతలు కనబడతాయి. ఆ గీతలకు విరుగుడు సన్నటి గ్రెయిన్ కలపడమే. రేణువుల వల్ల మెట్ల అంచులు చెదిరి కంటికి ఆనవు. 1954 నుంచి 35 ఎంఎంలో దొరుకుతున్న కోడక్ ట్రై-ఎక్స్ ఫిల్మ్ గ్రెయిన్ అంటే ఈనాటికీ ప్రాణమిచ్చేవాళ్లున్నారు. ఫిల్మ్ గ్రెయిన్ ఎక్కువగా నడిమి బూడిద రంగుల్లో కనిపిస్తుంది, డిజిటల్ నాయిస్ నీడల్లో. సాఫ్ట్‌వేర్‌లో గ్రెయిన్ కలిపేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకుంటే సహజంగా ఉంటుంది.

ఫోన్‌తో తీసేవాళ్లు దిగులుపడక్కర్లేదు. చాలా ఫోన్లలో మాక్రో అని పెట్టే కెమెరా కంటే ప్రధాన కెమెరా సెన్సర్ పెద్దది. కాస్త వెనక్కి జరిగి దానితోనే తీసి, తర్వాత కత్తిరించుకోండి. ప్రో మోడ్ ఉంటే రా పెట్టి ఐఎస్‌ఓను తగ్గించండి. ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించినా ట్రైపాడ్ పని జరుగుతుంది. కిటికీ, థర్మాకోల్, ఆపిన ఫ్యాన్ అన్ని కెమెరాలకూ ఒకటే.

చివరిగా, స్క్రీన్ మీద వంద శాతం పెద్దది చేసి చూస్తూ తీర్పు చెప్పకండి. 24 మెగాపిక్సెల్ ఫొటోను అంగుళానికి 300 చుక్కల లెక్కన వేస్తే 20 అంగుళాల వెడల్పు ప్రింటు వస్తుంది. అదే 12×8 సైజుకు దించితే ప్రతి దిక్కునా దాదాపు 1.7 పిక్సెల్‌లు ఒకటిగా కలుస్తాయి. స్క్రీన్ మీద భయపెట్టిన నాయిస్‌లో చాలా భాగం అక్కడే సద్దుమణుగుతుంది. పత్రికలో అచ్చయిన ఏ ఫొటో మీదైనా భూతద్దం పెట్టి చూడండి, అంతా చుక్కలే. చేతి దూరంలో పట్టుకుంటే అదే ఫొటో. ఈ ఆదివారం ఒక పువ్వు కోసి కిటికీ పక్కన పెట్టండి. తీసినవాటిలో మీకు నచ్చినదాన్ని నాయిస్ తగ్గించకుండా ఒకటి, తగ్గించి ఒకటి 12×8 ప్రింట్లు వేయించండి. రెండింటినీ గోడకు ఆనించి రెండడుగుల దూరం నుంచి చూశాకే ఆ స్లైడర్ ముట్టుకోవాలో వద్దో తేల్చుకోండి.